నావిగాటోరి డిస్ట్రాయర్లపై తొందరపాటు తీర్పు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

ఆర్యా,

రెండో ప్రపంచ యుద్ధకాలంలో మధ్యధరా సముద్రంలో జరిగిన పోరాటాలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. బ్రిటిష్ నౌకాదళం గురించి వ్యాసకర్త రాసిన విషయాలతో నాకు పేచీ లేదు. ఇటలీ డిస్ట్రాయర్ల (వేగంగా కదిలే చిన్న యుద్ధనౌకల) ప్రస్తావన వచ్చినచోట మాత్రం ఆయన “పేరు గొప్ప, ఊరు దిబ్బ” అన్న సామెతతో సరిపెట్టేశారు. అవి పరీక్షల్లో నలభై నాట్ల (గంటకు దాదాపు 74 కిలోమీటర్ల) వేగం చూపించి, తీరా యుద్ధంలో శత్రువుకు ఎదురు నిలవలేక మునిగిపోయాయని తేల్చి, అందుకు ఉదాహరణగా నావిగాటోరి తరగతిని, అంటే ఆ పేరుతో ఒకే నమూనాపై కట్టిన ఓడలను, చూపారు. ఈ తరగతికి చెందిన 12 ఓడల్లో 11 యుద్ధం ముగిసేలోగా పోయాయన్నది నిజమే. అయితే ఆ పదకొండింటిలో ఒక్కటి కూడా రెండు నౌకాదళాలు బారులు తీరి తలపడిన పెద్ద సమరంలో పోలేదు. అవి ఎక్కడ, ఏ పని మీద ఉండగా పోయాయో చూడకుండా ఇచ్చిన తీర్పును అలాగే వదిలేయడం న్యాయం కాదనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఈ ఓడలు ఎందుకు పుట్టాయో చెప్పాలి. 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల విషయంలో ఫ్రాన్స్‌కూ ఇటలీకీ సమాన వాటా ఇచ్చింది కానీ, డిస్ట్రాయర్ల వంటి చిన్న ఓడలు ఎన్ని కట్టుకోవాలన్న దానిపై ఏ పరిమితీ పెట్టలేదు. ఆ వెసులుబాటును ఫ్రాన్స్ వెంటనే వాడుకొని, 130 మిల్లీమీటర్ల ఫిరంగులతో, రెండు వేల టన్నులు దాటిన జాగ్వార్ తరగతి పెద్ద డిస్ట్రాయర్లను, వాటి వెనుకే ఇంకా పెద్దవైన గెపార్ తరగతి ఓడలను కట్టడం మొదలుపెట్టింది. వాటికి జవాబుగా ఇటలీ 1927, 1928 సంవత్సరాల్లో పని మొదలుపెట్టి, 1929 నుంచి 1931 వరకు వరుసగా నౌకాదళంలో చేర్చుకున్నవే నావిగాటోరి ఓడలు. వాటికి ఇటలీ నావికుల పేర్లు పెట్టారు. మొదట్లో వాటిని డిస్ట్రాయర్లు అనలేదు, ‘స్కౌట్’ నౌకలుగా లెక్కించి, 1938లో గానీ డిస్ట్రాయర్ల జాబితాలోకి మార్చలేదు. అంటే పగటి వెలుగులో, ఎక్కువ దూరం నుంచి, ఫ్రెంచి ఓడలతో ఫిరంగి పోరు చేయడానికి గీసిన నమూనా అది. ఈ మాట గుర్తుంటే తరువాత జరిగినదంతా వేరుగా కనిపిస్తుంది.

నమూనాలో మెచ్చుకోవలసిన అంశాలు తక్కువేమీ లేవు. దాదాపు 107 మీటర్ల పొడవు, 1,900 టన్నుల ప్రామాణిక బరువు ఉన్న ఈ ఓడలో నాలుగు బాయిలర్లు, రెండు టర్బైన్ సెట్లు కలిసి 50,000 అశ్వశక్తిని ఇచ్చేవి. బాయిలర్లన్నీ ఒకచోట, టర్బైన్లన్నీ మరోచోట పెట్టడం ఆనాటి అలవాటు. ఇక్కడ అలా కాకుండా బాయిలర్ గది, ఇంజన్ గది, మళ్లీ బాయిలర్ గది, మళ్లీ ఇంజన్ గది అన్న వరుసలో అమర్చారు. ఒక్క గుండు లేదా నీటిలో దూసుకొచ్చి పేలే టార్పెడో ఒక్కటి తగిలినంత మాత్రాన ఓడ పూర్తిగా నిలిచిపోకుండా, మిగిలిన సగంతో నెమ్మదిగానైనా కదలగలగడం దీని ఉద్దేశం. రెండు పొగగొట్టాలు ఒకదానికొకటి అంత దూరంగా కనిపించడానికి కారణం ఇదే. ఆ కాలపు బ్రిటిష్ డిస్ట్రాయర్లలో ఈ జాగ్రత్త లేదు. ఆయుధాల విషయానికొస్తే, ముందొకటి, నడుమ ఒకటి, వెనుక ఒకటి చొప్పున మూడు జంట పీఠాలపై ఆరు 120 మిల్లీమీటర్ల ఫిరంగులుండేవి. బ్రిటిష్ నౌకాదళం అదే కాలంలో కట్టిన మామూలు డిస్ట్రాయర్లకు అంతే పరిమాణం గలవి నాలుగే ఉండేవి. టార్పెడో గొట్టాలు ఆరు. వాటిలో ఒక విచిత్రం ఉంది. ఒక్కో పీఠం మీద పక్కనున్న రెండు గొట్టాలు 533 మిల్లీమీటర్లవి, నడుమ ఉన్నది 450 మిల్లీమీటర్లది. ఒకే ఓడలో రెండు కొలతల టార్పెడోలను మోయించడం బరువు తగ్గించుకోవడానికి చేసిన సర్దుబాటు కావచ్చు, నాకైతే తెలివైన పనిగా తోచదు.

అసలు లోపం మరోచోట ఉంది. సన్నని ఓడ మీద ఎత్తైన కట్టడం నిలబెట్టారు. వెడల్పు 10.2 మీటర్లే ఉన్న ఓడపై బరువైన జంట ఫిరంగులు, వాటికి గురి చూపే పరికరాలు, అంతస్తులుగా లేచిన బ్రిడ్జి (కమాండర్ నిలబడి ఓడను నడిపే కట్టడం) చేరేసరికి, అలలు లేస్తే ఓడ ప్రమాదకరంగా ఒరిగేది. చేరిన కొత్తలోనే పై కట్టడాలను తగ్గించి, బ్రిడ్జి ఎత్తు కోయవలసి వచ్చింది. అది చాలక, 1938 నుంచి 1940 వరకు పది ఓడలను మళ్లీ యార్డుకు పంపి, వెడల్పును దాదాపు ఒక మీటరు పెంచారు. నిటారుగా ఉన్న ముందు భాగాన్ని తీసివేసి, అలల్ని చీల్చేలా వాలుగా, ఎత్తుగా కట్టారు. దీంతో ఓడ నిలకడ బాగుపడి, వేగం కొన్ని నాట్లు తగ్గింది. నికొలోజో ద రెక్కో, ఆంటోనియొట్టో ఉసొదిమారె అనే రెండు మాత్రం ఈ మార్పు లేకుండానే యుద్ధంలోకి దిగాయి.

వ్యాసకర్త ఎత్తిపొడిచిన నలభై నాట్ల సంగతి ఇక్కడే తేల్చుకోవచ్చు. ఒప్పందంలో రాసుకున్న వేగాన్ని పరీక్షలో దాటిస్తే నిర్మాణ సంస్థకు అదనపు సొమ్ము ముట్టే పద్ధతి ఆనాటి ఇటలీలో ఉండేది. అందువల్ల కొత్త ఓడను తేలికగా ఉంచి, ఆయుధాలూ సరంజామా పూర్తిగా ఎక్కించకముందే, బాయిలర్లను వాటి శక్తికి మించి మండించి, ప్రశాంతమైన నీటిలో పరుగెత్తించేవారు. ఈ తరగతిలో కొన్ని నలభై నాట్లు దాటినది అలాంటి పరుగులోనే. నిండా ఇంధనంతో, మందుగుండుతో, నెలల తరబడి రేవుల మధ్య తిరిగిన యంత్రాలతో ఆ వేగం ఎన్నడూ రాదని ఇటలీ నౌకాదళానికీ తెలుసు. తప్పు పట్టాలంటే ఆ లెక్కలకు బహుమతులిచ్చిన అధికారులను పట్టాలి. ఓడ నడిపినవారు ఆ అంకెలను ఏనాడూ నమ్ముకోలేదు.

ఇక యుద్ధం. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగిన రెండు వారాలకే ఫ్రాన్స్ తప్పుకుంది. ఏ ఓడలను ఎదుర్కోవడానికి ఇవి పుట్టాయో ఆ ఓడలు రంగం నుంచే పోయాయి. మిగిలింది నేపుల్స్ నుంచి, సిసిలీ నుంచి లిబియాకు సైనికులనూ పెట్రోలునూ చేరవేసే రవాణా ఓడలకు కాపలా కాయడం. ఎనిమిది, పది నాట్ల వేగంతో సాగే సరుకు ఓడల చుట్టూ, రాత్రింబవళ్లు, బ్రిటిష్ స్థావరమైన మాల్టా నుంచి లేచే విమానాల కింద, నీటి అడుగున పొంచి ఉన్న జలాంతర్గాముల మధ్య తిరగడం అన్నమాట. ఈ పనికి కావలసినవి వేగమూ పెద్ద ఫిరంగులూ కావు. చీకట్లో చూడగల రాడార్, నీటిలో వినగల సోనార్, ఆకాశానికి ఎత్తగల తుపాకులు కావాలి. ఈ ఓడల్లో యుద్ధారంభానికి మొదటి రెండూ లేవు, మూడోది నామమాత్రం. 120 మిల్లీమీటర్ల ఫిరంగులు 45 డిగ్రీలకు మించి పైకి లేవవు కనుక విమానాల మీద పెద్దగా పనికిరావు. 20 మిల్లీమీటర్ల బ్రెడా తుపాకులు, జర్మనీ నుంచి వచ్చిన సోనార్ పరికరాలు యుద్ధం నడుస్తుండగా కొద్దికొద్దిగా చేరాయి.

రాడార్ విషయంలో సాకు చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. లివోర్నోలోని నౌకాదళ సంస్థలో ఊగో టిబేరియో అనే ఇంజనీరు యుద్ధానికి కొన్నేళ్ల ముందే, చాలీచాలని నిధులతో, దీనిపై ప్రయోగాలు చేస్తూ వచ్చారు. పై అధికారులు వాటిని పట్టించుకోలేదు. 1941 మార్చి చివర గ్రీసులోని మాటపాన్ అగ్రం వద్ద జరిగిన సమరంలో మూడు భారీ క్రూయిజర్లు (డిస్ట్రాయర్ల కంటే పెద్ద యుద్ధనౌకలు), రెండు డిస్ట్రాయర్లు ఒక్క రాత్రిలో పోయాక గానీ వారికి మెలకువ రాలేదు. ఆ సమరానికి ద రెక్కో, ఎమాన్యుయేలే పెస్సాన్యో కూడా క్రూయిజర్లతో పాటు వెళ్లి, క్షేమంగా తిరిగి వచ్చాయి. అంటే పెద్ద సమరాలకు ఈ తరగతి దూరంగా ఉండలేదు, అక్కడ పోలేదంతే.

ఇది జరిగి మూడు వారాలు తిరగకుండా ఈ తరగతికే చెందిన లూకా తారిగో అనే ఓడకు ఎదురైన రాత్రిని వ్యాసకర్త ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం ఈ తరగతి కథంతా ఆ రాత్రిలో ఉందనిపిస్తుంది. నేపుల్స్ నుంచి ట్రిపోలీకి బయలుదేరిన నాలుగు జర్మన్ రవాణా ఓడలు, మందుగుండు మోస్తున్న సబౌడియా అనే ఇటలీ ఓడ, వాటికి కాపలాగా తారిగో, దానికంటే చిన్నవైన బలేనో, లాంపో అనే డిస్ట్రాయర్లు 1941 ఏప్రిల్ 15 రాత్రికి ట్యునీషియా తీరాన కెర్కెన్నా దీవుల దగ్గరి లోతు తక్కువ నీటిలోకి చేరాయి. గాలివాన వల్ల ప్రయాణం ఆలస్యమైంది. మాల్టా నుంచి వచ్చిన విమానాలు వాటిని ముందే చూశాయి. కెప్టెన్ ఫిలిప్ మాక్ నాయకత్వంలో జెర్విస్, జేనస్, నూబియన్, మోహాక్ అనే నాలుగు బ్రిటిష్ డిస్ట్రాయర్లు అర్ధరాత్రి దాటాక వాటిని కనిపెట్టి, చంద్రుడు శత్రువు వెనుక ఉండేలా తమ దారి సర్దుకొని, చాలా దగ్గరికి వచ్చేదాకా నిశ్శబ్దంగా నడిచి, అప్పుడు కాల్పులు మొదలుపెట్టాయి. కాల్పులు వినబడేదాకా ఇటలీ ఓడలకు శత్రువు పక్కనే ఉన్నాడన్న సంగతి తెలియదు.

బలేనో బ్రిడ్జి మొదటి గుళ్లకే ఎగిరిపోయి, అక్కడున్న అధికారులు చనిపోయారు. వరుసకు ముందు నడుస్తున్న తారిగో వెనక్కి తిరిగి, కాన్వాయ్‌కీ (కాపలాతో సాగే రవాణా ఓడల బృందానికీ) శత్రువుకీ మధ్యకు వచ్చింది. ఆ దూరంలో గురి తప్పే ప్రశ్నే లేదు. కమాండర్ పియెత్రో ద క్రిస్తోఫరోకు ఒక కాలు తెగిపోయింది. ఆయన బ్రిడ్జి వదలకుండా ఆజ్ఞలిస్తూనే రక్తస్రావంతో ప్రాణం విడిచారు. యంత్రాలు ఆగి, మంటలు లేచి, ఫిరంగులు మూగబోయిన తరువాత కూడా ఎత్తోరే బిజాన్యో అనే యువ అధికారి, ఇంకా పనిచేస్తున్న గొట్టాల నుంచి చేత్తోనే గురి చూసి టార్పెడోలు వదిలాడు. వాటిలో రెండు మోహాక్‌ను తాకాయి. అది అక్కడే మునిగింది. సబౌడియా మందుగుండుతో సహా పేలిపోయింది. కాన్వాయ్‌లోని ఓడలన్నీ మునగడమో ఒడ్డుకు ఎక్కడమో జరిగింది. వెయ్యికి పైగా సైనికులు, నావికులు ప్రాణాలు కోల్పోయారు. కాపలా విఫలమైందనడంలో సందేహం లేదు. కానీ దాని కారణాలు రాడార్ లేకపోవడం, విమానాల తోడు లేకపోవడం, లోతులేని నీటిలో తప్పుకునే చోటు లేకపోవడం. “ఎదురు నిలవలేక” అన్న మాట ఆ ఓడకు ఎలా వర్తిస్తుందో వ్యాసకర్తే చెప్పాలి.

ఇదే తరగతికి చెందిన ఆల్విజే ద మోస్టో కథ ఇంతకంటే చిన్నది. 1941 డిసెంబర్ 1న అది ఇరీడియో మాంటొవాని అనే ట్యాంకరును లిబియాకు తీసుకువెళ్తోంది. మాల్టా విమానాలు ట్యాంకరును దెబ్బతీశాయి. ద మోస్టో దాన్ని లాగుకుపోవాలని ప్రయత్నిస్తుండగా సాయంత్రానికి అరోరా, పెనెలోపీ అనే క్రూయిజర్లు, లైవ్లీ అనే డిస్ట్రాయర్ వచ్చిపడ్డాయి. ట్యాంకరును వదిలి పరుగెత్తితే బతికే అవకాశం ఉండేది. కమాండర్ ఫ్రాంచెస్కో దెల్లాన్నో పొగతెర వేసి, టార్పెడోలు వదులుతూ క్రూయిజర్ల మీదికే వెళ్లారు. మందుగుండు గది పేలి ఓడ మునిగింది, ట్యాంకరూ దక్కలేదు. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. ద క్రిస్తోఫరోకు లాగే ఆయనకూ ఇటలీ సైనిక పరాక్రమానికి ఇచ్చే బంగారు పతకం ప్రకటించింది.

ఆ క్రూయిజర్లకు మూడు వారాలు కూడా గడవకముందే ఏం జరిగిందో వ్యాసంలో ఉంది గానీ, రెంటికీ ఉన్న సంబంధం లేదు. డిసెంబర్ 19న ట్రిపోలీ ఎదుట మైన్ల (నీటిలో పరిచే, ఓడ తగిలితే పేలే బాంబుల) వలలో చిక్కుకొని నెప్ట్యూన్ క్రూయిజర్, కాందహార్ డిస్ట్రాయర్ మునిగాయి, అరోరా, పెనెలోపీ దెబ్బతిన్నాయి. నెప్ట్యూన్ సిబ్బందిలో చివరికి ఒక్కడే బతికాడు. ఆ మైన్లను అదే ఏడాది వేసవిలో ఇటలీ క్రూయిజర్లు పరిచాయి. వాటితో పాటు ఈ నావిగాటోరి తరగతి ఓడలు కూడా ఆ పనికి వెళ్లాయి. మైన్లు పరచడం వీటి విధుల్లో ముఖ్యమైనది. దానికి పతకాలూ రావు, పత్రికల్లో శీర్షికలూ రావు.

ఇంకొక ముఖ్యమైన విషయం ఆ ఓడల్లో ఉన్న ఎవరికీ తెలిసే అవకాశం లేదు. 1941 వేసవి నుంచి ఇటలీ నౌకాదళం వాడిన సంకేత యంత్రం సందేశాలను బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్కులో చదవగలిగారు. ఏ కాన్వాయ్ ఏ రేవు నుంచి ఎప్పుడు కదులుతుందో, ఏ దారిన పోతుందో చాలాసార్లు ముందే మాల్టాకు చేరేది. ఎదుటివాడు మన పేకముక్కలు చూసి ఆడుతున్న ఆట అది. అయినప్పటికీ లిబియాకు బయలుదేరిన సరుకులో మొత్తం మీద నూటికి 80 పాళ్లకు పైగా ఒడ్డుకు చేరిందంటే, దానిలో ఈ కాపలా ఓడల వంతు ఎంతో వ్యాసకర్త ఆలోచించి ఉండవలసింది.

జలాంతర్గాముల వేటలో వీటికి చిన్న విజయాలు లేకపోలేదు. 1940 ఆగస్టు 1న ఈ తరగతి ఓడ ఉగొలీనో వివాల్డి నీటిపై తేలి ఉన్న బ్రిటిష్ జలాంతర్గామి ఓస్వాల్డ్‌ను ఢీకొట్టి ముంచి, అందులోని వారిలో దాదాపు అందరినీ నీటిలో నుంచి తీసి రక్షించింది. దీనికి పూర్తిగా విరుద్ధమైన ఘటన 1942 జూన్ 8న జరిగింది. కాన్వాయ్‌తో వెళ్తున్న ఉసొదిమారెను అలాజి అనే సొంత జలాంతర్గామే శత్రువు ఓడగా పొరబడి టార్పెడోతో ముంచివేసింది, 141 మంది చనిపోయారు. దీనికి ఓడ నమూనా ఎలా బాధ్యత వహిస్తుంది?

1942 డిసెంబర్ 2న, సిసిలీ, ట్యునీషియాల మధ్య సముద్రంలోని స్కెర్కి తిప్ప వద్ద, మూడు బ్రిటిష్ క్రూయిజర్లు, రెండు డిస్ట్రాయర్లు ట్యునీషియాకు వెళ్తున్న నాలుగు రవాణా ఓడలను రాత్రిపూట ముంచేశాయి. కాపలా నాయకుడు కెప్టెన్ అల్డో కొక్కియా ద రెక్కో మీద ఉన్నారు. ఓడ టార్పెడో దాడికి దగ్గరవుతుండగా గుండు తగిలి, ముందు భాగంలో మందుగుండుకు నిప్పంటుకొని, ఆయన తీవ్రంగా కాలిపోయారు. సిబ్బందిలో ఎంతోమంది మరణించారు. ఓడ మాత్రం మునగలేదు. మరునాడు ఇదే తరగతికి చెందిన ఆంటోనియో పిగఫెట్టా దాన్ని లాగుకుంటూ సిసిలీలోని త్రపానీ రేవు చేర్చింది. ఫోల్గోరే అనే మరో డిస్ట్రాయర్ ఆ రాత్రే కమాండర్‌తో సహా మునిగిపోయింది. వెడల్పు పెంచకుండా వదిలేసిన రెండు ఓడల్లో ఒకటైన ద రెక్కో యుద్ధం చివరిదాకా మిగిలి, 1954 వరకు జాబితాలో ఉండటం కాకతాళీయం. నమూనాయే తలరాతను నిర్ణయించిందని వాదించేవారు ఈ ఓడను ఏ లెక్కలో వేస్తారో తెలియదు.

వ్యాసానికి జత చేసిన పట్టికలో ఈ తరగతి ఓడలు పదకొండింటినీ “పోరులో మునిగినవి” అన్న ఒకే గడిలో వేశారు. దాన్ని విడదీసి మళ్లీ అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. శత్రు ఓడల ఫిరంగులకు పోయినవి రెండు, తారిగో, ద మోస్టో. బ్రిటిష్ జలాంతర్గాముల టార్పెడోలకు పోయినవి రెండు, 1942 మేలో పెస్సాన్యో, అక్టోబర్‌లో జొవాన్ని ద వెరాజానో. సొంత జలాంతర్గామి వల్ల పోయినది ఉసొదిమారె. 1943 మార్చి 24న ట్యునీషియాకు సైనికులను తీసుకువెళ్తూ మైను తగిలి పోయినది లాంజెరోట్టో మలొచెల్లో. అదే పని మీద ఏప్రిల్ 30న బాన్ అగ్రం దగ్గర విమానాల బాంబులకు పోయినది లెయోనే పాంకాల్డో. ఈ పాంకాల్డో 1940 జూలైలోనే ఔగుస్తా రేవులో టార్పెడో విమానాల దెబ్బకు అడుగంటి, పైకి తీయించుకొని, బాగుపడి తిరిగి వచ్చిన ఓడ.

మిగిలిన నాలుగూ 1943 సెప్టెంబర్‌లో ఇటలీ యుద్ధవిరమణ ప్రకటించాక పోయినవి. వాటిలో ఆంటోనియో ద నోలి, వివాల్డి సార్డినియా, కోర్సికా దీవుల మధ్యనున్న బొనిఫాచియో జలసంధిలో జర్మన్లతో పోరాడుతూ, మొదటిది మైను తగిలి, రెండోది తీరంలోని ఫిరంగుల దెబ్బలకూ విమానాల దాడికీ గురై మునిగాయి. నికొలో జెనోను, పిగఫెట్టాను జర్మన్ల చేతికి చిక్కకుండా సిబ్బందే రేవుల్లో ముంచేశారు. పిగఫెట్టాను జర్మన్లు పైకి తీసి, తమ జెండా కింద నడిపారు. 1945 ఫిబ్రవరిలో త్రియెస్తే రేవులో అది మిత్రరాజ్యాల బాంబులకు పోయింది. దాన్ని ఇటలీ నష్టాల గడిలో చూపడం లెక్క ప్రకారం కూడా సరికాదు.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడు